ముందు మీ నాన్నకి చెప్పు

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి తేదీ వచ్చిందన్నావు. పన్నెండేళ్ళు గ్రీన్ కార్డు లైన్లో ఉండి, ఉద్యోగం మారాలన్నా జంకుతూ, గ్రీన్ కార్డు వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ వంక నెలనెలా ఆశగా చూసిన పిల్లవి. ఆ మాట వినగానే గుండె నిండిపోయింది. కానీ ఆ వెంటనే, "నాన్నకి ఇప్పుడే చెప్పకు అత్తయ్యా, అంతా అయ్యాక మెల్లిగా నేనే చెబుతాను" అన్నావు. అప్పుడు ఏమనాలో నాకు తోచలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు పని సంగతులు చెప్పేస్తాను.

ఇంటర్వ్యూలో పెట్టే పౌరశాస్త్రం పరీక్షకి భయపడకు. మా రోజుల్లో 100 ప్రశ్నలు ఇచ్చి అందులో 10 అడిగేవాళ్ళు, 6 చెబితే చాలు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకి 128 ప్రశ్నలు, అందులో 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా రావాలి. నువ్వు పెట్టింది ఆ తర్వాతే కాబట్టి ఎవరో ఇచ్చిన పాత పుస్తకం పట్టుకుని కూర్చోకు. గ్రీన్ కార్డు, పాస్‌పోర్టులు పాతవీ కొత్తవీ, ట్యాక్సు కాగితాలు, దేశం దాటి వెళ్ళొచ్చిన తేదీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. పౌరసత్వ ప్రమాణం చేసే రోజున గ్రీన్ కార్డు తీసేసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. హాలు దాటకముందే అందులో నీ పేరు అక్షరం అక్షరం చదువుకో. మన ఇంటిపేర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ పోతుంటాయి, తర్వాత దిద్దించుకోవడం పెద్ద తతంగం.

పెద్దాడి సంగతి మర్చిపోవద్దు. వాడు హైదరాబాద్‌లో పుట్టాడు, గ్రీన్ కార్డు ఉంది, ఇంకా 18 నిండలేదు, నీ దగ్గరే ఉంటున్నాడు. నువ్వు ప్రమాణం చేసిన రోజునే వాడూ అమెరికా పౌరుడైపోతాడు. వేరే పరీక్ష లేదు, వేరే ప్రమాణం లేదు. 2001 నుంచి అదే చట్టం. అంటే నీ భారతీయ పాస్‌పోర్టుతో పాటు వాడిదీ అప్పగించాలి. తల్లులు తమ కాగితాలన్నీ చక్కబెట్టుకుని పిల్లాడి పాస్‌పోర్టు బీరువాలో వదిలేస్తారు. సెలవులకి టికెట్లు కొన్నాక గానీ గుర్తు రాదు.

ఇంకొకటి. పాస్‌పోర్టు అప్పగించిన రోజున కాదు మన పౌరసత్వం పోయేది. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇంకో దేశ పౌరసత్వం కోరి తీసుకున్న క్షణానే ఇది దానంతటదే రద్దవుతుంది. రెండు పాస్‌పోర్టులూ సొరుగులో పక్కపక్కనే ఉంటే రెండు దేశాలూ మనవేననిపిస్తుంది. నాకూ కొన్నాళ్ళు అలాగే అనిపించింది. ప్రమాణం అయ్యాక ఆ భారతీయ పాస్‌పోర్టు మీద ప్రయాణం మాత్రం చెయ్యకు. అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకో, ఆ వెంటనే ఓసీఐకి, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డుకి, పెట్టు. ఆలస్యం చెయ్యకు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో కింద రాస్తాను.

ఓసీఐ కార్డు మొదలుపెట్టింది 2006 జనవరిలో, హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభల్లో. పేరులో పౌరసత్వం ఉంది గానీ అది పౌరసత్వం కాదు. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడకూడదు, ప్రభుత్వోద్యోగం రాదు. పొలం కొనకూడదు. అయినా పొలం కొనే హక్కు ఎన్నారైగా నీకు ఇప్పుడూ లేదులే. మీ నాన్న మొట్టమొదట ఆ రెండెకరాల గురించే అడుగుతాడు. అడక్కముందే నువ్వే చెప్పు: దానపత్రం రాస్తే చెల్లదు గానీ, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా రావడానికి ఏ అడ్డూ లేదు. ఆ ఒక్క ముక్కతో ఆయన సగం దిగులు తీరుతుంది.

ఇక మిగతా సగం. దానికోసమే ఈ ఉత్తరం.

నేను ప్రమాణం చేసింది 2008 సెప్టెంబరులో. మా నాన్నకి, అంటే మీ తాతయ్యకి, చెప్పలేదు. సరిగ్గా నీలాగే అనుకున్నాను, అన్నీ అయ్యాక, ఎదురుగా కూర్చుని, మంచి సమయం చూసి చెబుదామని. ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. ఆ వారం చెబుదాం అనుకోవడం, ఆయన గొంతులో అలసట వినిపించడం, వచ్చేవారం అనుకోవడం. నవంబర్ 4న ఇక్కడ అధ్యక్ష ఎన్నికల్లో నా మొదటి ఓటు వేశాను. ఆ ఆదివారం ఫోన్లో మాట్లాడింది చలి గురించి.

తాతయ్య సాంఘికశాస్త్రం మాస్టారని నీకు తెలుసు. 1952 ఎన్నికల్లో ఆయనకి 23 ఏళ్ళు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, మీద గుర్తు అతికించి ఉండేది, నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. ఆ కథ మాకు ఎన్నిసార్లు చెప్పాడో. అప్పటి నుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు. నేను 1996లో వచ్చేశాక కూడా ఊళ్ళో ఓటర్ల జాబితాలోంచి నా పేరు తీయించలేదు. దేశం బయట ఉంటున్నవాళ్ళ పేర్లు అందులో ఉండకూడని రోజులవి. ఎన్నారైలకి ఓటు వచ్చింది 2011లోనే. నిబంధన ఆయనకి తెలియక కాదు. ప్రతి ఏడూ జాబితా సవరించడానికి ఎవరో ఒకరు ఇంటికి వచ్చినప్పుడు మాత్రం, "మా అమ్మాయి వస్తుందండీ" అనేవాడట. కూతురి పేరు కొట్టేయించడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

2009 ఏప్రిల్‌లో వెళ్ళాను. తెనాలిలో 23న పోలింగ్. ముందురోజు రాత్రి భోజనాలయ్యాక చొక్కా జేబులోంచి మూడు చీటీలు తీశాడు. ఒకటి ఆయనది, ఒకటి అమ్మది, మూడోది నాది. "ఏడింటికల్లా వెళ్దాం, ఎండ ముదరకముందే" అన్నాడు. నేను తలూపాను. ఆ రాత్రంతా నాకు టైముంది చిన్నీ. పక్క గదిలోనే పడుకున్నాడు. రెండుసార్లు దగ్గు వినిపించింది. లేచి వెళ్ళలేదు.

తెల్లారి ఆరున్నరకి ఇస్త్రీ పంచె కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని వరండాలో నిలబడ్డాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన కాసేపు వీధి వైపు చూశాడు. "ఎప్పుడు?" అన్నాడు. సెప్టెంబరులో అన్నాను. ఆయన లోపల లెక్క వేసుకోవడం నాకు కనబడింది. ముప్ఫై ఆదివారాలు. కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడినా బాగుండేది. "సరే, నాకు తోడొస్తావా?" అన్నాడు.

వెళ్ళాను. నడకలో నా చెయ్యి పట్టుకోలేదు, గొడుగు మాత్రం నా మీదికి జరిపాడు. బడి బయట బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడొకడు జాబితా చూసి, "అమ్మాయిగారి పేరు కూడా ఉంది మాస్టారూ, రమ్మనండి" అన్నాడు. తాతయ్య జీవితంలో అబద్ధం ఆడగా నేను వినలేదు. "ప్రయాణం బడలికయ్యా, దానికి ఒంట్లో నలతగా ఉంది" అన్నాడు. నన్ను చూడకుండానే అన్నాడు. 81 ఏళ్ళ మనిషి చేత, ఆయన అంతగా గౌరవించే చోట, నా పరువు కోసం అబద్ధం ఆడించాను. పౌరసత్వం మార్చుకున్నందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఈ ఒక్క వాక్యం తలచుకున్నప్పుడు మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాను.

తిరిగి వస్తూ వేపచెట్టు నీడలో ఆగాడు. ఎడమచేతి వేలి మీద సిరా ఇంకా ఆరలేదు. "అయితే నువ్వు ఇంటికి రావడానికి వీసా కావాలా?" అని అడిగాడు. కావాలి, వేయించుకునే వచ్చాను అన్నాను. "ఎన్నాళ్ళకి ఇచ్చారు?" అన్నాడు. నేను చెప్పిన నెలల లెక్క విని ఇంకేమీ అనలేదు.

ఆ వేసవిలోనే ఓసీఐ తీసుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు కార్డు ఆయన చేతిలో పెట్టాను. రెండు వైపులా తిప్పి చదివాడు, జీవితకాలం అన్న మాట దగ్గర వేలు ఆపాడు. "ఇది బాగుంది" అన్నాడు. అదీ నేను ఓసీఐకి తొందర పెట్టడానికి కారణం. ముసలితనంలో మనుషులు ఎక్కువ అడగరు తల్లీ. గడువు ఎంత అన్నది మాత్రం తప్పకుండా అడుగుతారు.

2012లో పోయేదాకా నా దగ్గర ఆయన ఎన్నికల ఊసు మళ్ళీ ఎత్తలేదు. అక్కడ ఓటు ఎలా వేస్తారు, ఎవరెవరికి వేస్తారు, సిరా పెడతారా, ఎన్ని అడగాల్సిన మనిషి. మొదటి రోజునే చెప్పి ఉంటే ఆదివారాలన్నీ ఈ ప్రశ్నలతోనే గడిచేవి. అవన్నీ నేనే పోగొట్టాను.

ఇప్పుడు నాకు 68. అప్పుడు తెలియంది ఇప్పుడు తెలుస్తోంది. నా పిల్లలు ఏదన్నా నా దగ్గర దాస్తే, అదెంత చిన్నదైనా, నన్ను ఇంట్లో ఒక పక్కకి జరిపి పెట్టినట్టుంటుంది. "పెద్దవాళ్ళు తట్టుకోలేరు" అంటారు మీరు. కబురు తట్టుకోలేక కాదు. అది అందరికీ తెలిశాక ఆఖర్న తమకి చేరిందన్నదే వాళ్ళు తట్టుకోలేరు. నువ్వు నీ తమ్ముడికి చెప్పావు, నాకు చెప్పావు, ఆఫీసులో స్నేహితులకి చెప్పే ఉంటావు. మీ నాన్నని ఎన్నో వరసలో నిలబెట్టావో ఒకసారి లెక్కపెట్టుకో. దయ అనుకుని చేస్తున్నావని నాకు తెలుసు. నేనూ అలాగే అనుకున్నాను.

దేశం సంగతి ఏమని చెబుతావంటే, ఉన్నదున్నట్టు చెప్పు. ప్రమాణంలో మాటలు గట్టిగానే ఉంటాయి. పాత దేశానికి ఉన్న విధేయతని పూర్తిగా వదులుకుంటున్నానని చెయ్యెత్తి చెప్పాలి. మా హాల్లో ముందు ఒక్కో దేశం పేరూ పిలిచి, ఆ దేశం వాళ్ళని లేచి నిలబడమన్నారు. ఇండియా అన్నప్పుడు లేచాను. బడిలో జెండా వందనానికి కూడా అంత నిటారుగా నిలబడి ఉండను. వదులుకునే ముందు అంత గట్టిగా ఆ పేరుకి నిలబడాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు. నా పక్కన ఏ దేశమో తెలియని ఒక ముసలావిడ, చేతిలో కాగితం వణికిపోతోంది. నేను ఇంకో చివర పట్టుకున్నాను, ఇద్దరం ఒకే కాగితంలో చదివాం. నీ పక్కన అలాంటివాళ్ళు ఎవరన్నా ఉంటే ఫోటోలు తర్వాత తీసుకుందువు గానీ, ముందు వాళ్ళని చూడు.

ఆ మాటలు అన్నంతమాత్రాన నాకు కలలు వేరే భాషలో రాలేదు. ఇక్కడ జ్యూరీ పిలుపు వస్తే వెళ్ళాను, ఓటు మానలేదు, అది నా బాధ్యత కాబట్టి మనస్ఫూర్తిగానే చేశాను. రెండూ ఒక మనిషిలో ఇముడుతాయి. ఇది మీ నాన్నకి నువ్వు వివరించి చెప్పక్కర్లేదు, నిన్ను చూస్తే ఆయనకే తెలుస్తుంది. కానీ చూడాలి కదా, అందుకే ఫోన్లో వద్దంటున్నాను.

ప్రమాణం లోపు పది రోజులు సెలవు పెట్టి వెళ్ళిరా. గ్రీన్ కార్డు ఉంది, పది రోజులకి ఏమీ అవదు, ఇంటర్వ్యూ తేదీ తప్పిపోకుండా చూసుకో చాలు. ఈసారి భారతీయ పాస్‌పోర్టు మీదే దిగుతావు. భారతీయ పౌరురాలిగా ఆ వరసలో నిలబడటం అదే ఆఖరు. నిదానంగా నిలబడు. ఇంటికి వెళ్ళిన మొదటి రోజే చెప్పు, తిరుగు ప్రయాణం ముందురోజుకి ఉంచకు. పొద్దున్నే కాఫీ దగ్గర, మీ అమ్మ కూడా ఉండగా చెప్పు. ఊళ్ళో జాబితాలో నీ పేరు ఇంకా ఉందేమో అడుగు. ఉంటే పేరు తీయించే ఫారం 7 తెచ్చి ఆయన పక్కన కూర్చుని నింపు, అదొక్కటీ ఆయన ఒంటరిగా చెయ్యకూడదు. కాసేపు మాట్లాడకపోతే నువ్వు కూడా మాట్లాడకుండా కూర్చో. తర్వాత వీసా కావాలా అని అడుగుతాడు. కార్డు వచ్చేదాకా కావాలి, వచ్చాక అక్కర్లేదు, గడువంటూ ఉండదు అని చెప్పు.

వెళ్ళే తేదీ ఖాయమయ్యాక నాకు చెప్పు. మీ నాన్నకి మోకాళ్ళ పట్టీలు రెండు జతలు కొని ఉంచాను, నీ పెట్టెలో పెట్టి పంపుతాను.

మీ అత్తయ్య