వైర్‌లెస్ పోతే బండి ఆగిపోదు

మీరు డైస్ వేయించి నడిపే కథల గేమ్‌లో వైర్‌లెస్ అన్నదే లేదు, మరి డ్రైవర్ లేని ట్యాక్సీ ఎలా తిరుగుతుందని ప్లేయర్ నిలదీశాడన్నారు. శుభ్రంగా తిరుగుతుందండీ. నడపడానికి కావలసిన తెలివంతా బండిలోనే ఉంటుంది. 1995లోనే జర్మన్ ఇంజనీర్ ఎర్న్‌స్ట్ డిక్‌మన్స్ బృందం తయారుచేసిన మెర్సిడెస్ కారు జీపీఎస్ లేకుండా, కెమెరాలతో రోడ్డు మీది గీతలు చూసుకుంటూ జర్మనీ నుంచి డెన్మార్క్ వెళ్లింది. మధ్యమధ్యలో మనిషి చెయ్యి వేశాడనుకోండి, అది వేరే సంగతి.

అసలు చిక్కు, తానెక్కడుందో బండికి తెలియడం. చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో, బండి ఎటు మళ్లిందో లెక్కేసుకుంటుంది. అందులో నూటికి ఒక వంతు తేడా వచ్చినా 10 కిలోమీటర్లకు 100 మీటర్లు తప్పుతుంది. అందుకే లేజర్ కాంతిని పంపి దూరాలు కొలిచే లైడార్‌తో భవనాల మూలలు, స్తంభాలు చూసి తన దగ్గరున్న మ్యాప్‌తో సరిచూసుకుంటుంది. లైడార్ కాంతితో పనిచేస్తుంది కాబట్టి మీ ప్రపంచంలో చెల్లుతుంది. రాడార్‌వి రేడియో తరంగాలే, మీ రూల్స్‌లో అవీ చచ్చిపోయి ఉంటే దాన్ని తీసేయండి.

మ్యాప్ మాత్రం ఛార్జింగ్ పెట్టినప్పుడు కేబుల్‌లోంచే రావాలి. నిన్న రాత్రి కూలిన వంతెన సంగతి దానికి తెలియదు; అంచు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరుగుతుంది. వెనకాల శత్రువులు తరుముతుంటే సీను అదిరిపోతుంది! దట్టమైన పొగమంచు దింపితే లైడార్ కూడా తడబడుతుంది, అక్కడ డైస్ వేయించండి. ఇంకోటి, దూరం నుంచి హ్యాకింగ్ కుదరదు. మీ హ్యాకర్ బండి కిందికి దూరి వైరు గుచ్చాల్సిందే.