మనసు మార్చుకున్నానని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. తన ఇంట్లోనే అత్యాచారానికి గురైన ఒక స్త్రీ కథ చెప్పే ఫ్రెంచి సినిమా ‘ఎల్’ను తీవ్రంగా ఖండిస్తూ లోగడ నువ్వు రాసిన వ్యాసంతో ఇప్పుడు నువ్వే ఏకీభవించడం లేదని, ఆ సంగతి చెబుతూ మరో వ్యాసం రాయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తన పేరుతో అచ్చయిన అభిప్రాయాన్ని మళ్లీ పరిశీలించుకోవడానికి సిద్ధపడేవాళ్లు తక్కువ, కాబట్టి నాకు గర్వంగానే ఉంది. దానితోపాటు ఒక భయమూ పట్టుకుంది. ఆ భయం ఫోనులో చెప్పితే తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

సినిమాను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చూడు. పాత వ్యాసాన్ని పక్కనే పెట్టుకో. బహుమతుల సంగతి ఒక్క వాక్యంలో ముగించు. 2017లో ఉత్తమ చిత్రంగా, ఉత్తమ నటిగా ఫ్రాన్స్ వారి సెజార్ సినిమా పురస్కారాలు వచ్చాయి. ఫ్రాన్స్ తరఫున ఆస్కార్‌కు వెళ్లిన అదే చిత్రానికి విదేశీ చిత్రాల వడపోత జాబితాలో చోటు దక్కలేదు. ఈ రెండింటిలో ఏదీ నీ వాదనకు సాక్ష్యం కాదు.

ఇక నా భయం. మా ఫిల్మ్ సొసైటీ రోజుల్లో ఒక పెద్దాయన ఉండేవారు. బాగా చదువుకున్నవారు, ఆయన మాటకు అందరిలోనూ విలువ ఉండేది. స్త్రీ మీద జరిగిన దౌర్జన్యాన్ని చాలాసేపు చూపిన ఒక విదేశీ చిత్రాన్ని ఆయన మా పత్రికలో ఘాటుగా విమర్శించారు. ఆ చిత్రం నడుస్తుండగానే లేచి వెళ్లిపోయిన ఒక సభ్యురాలు, ఆ వ్యాసం ఇచ్చిన ధైర్యంతో, తరువాతి చర్చలో తాను ఎందుకు కూర్చోలేకపోయిందో నిలబడి చెప్పింది. అంతకుముందు ఆమె మా చర్చల్లో నోరు విప్పిన మనిషి కాదు. కొంతకాలానికి ఆయన ఆ చిత్రాన్ని మళ్లీ చూశారు, అందులో గొప్పతనం కనిపించింది, రెండో వ్యాసం రాశారు. రాయడంలో తప్పేమీ లేదు. కానీ మొదటిసారి చూసినప్పుడు కలిగే కోపం అపరిపక్వతకు గుర్తని, కళను చూడడం తెలిసినవారు ఆ దశను దాటి వస్తారని అందులో రాశారు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఆయన తన గురించి తానే రాసుకున్నానని అనుకున్నారు, అయితే ఆ మాట వెళ్లి ఆమెకు తగిలింది. ఆ తరువాత ఆమె ఏ ప్రదర్శనకూ రాలేదు. ఎందుకు రావడం లేదని ఆయన అడిగినట్టు కూడా నాకు తెలియదు. తాను మెట్టు ఎక్కానని చెప్పుకోవడానికి, నిన్నటి దాకా తన పక్కన నిలిచినవాళ్లను కింద వదిలేయడమే ఆయన చేసిన తప్పు.

నీ మొదటి వ్యాసం చదివి నీకు ఉత్తరాలు రాసిన స్త్రీలు ఉన్నారు. వాళ్లలో ఒకరి మాటలు నువ్వే నాకు చదివి వినిపించావు. రెండో వ్యాసం రాస్తున్నంతసేపూ ఆమె చదువుతుందని గుర్తుపెట్టుకో. ఆమెకు ఈ సినిమా నచ్చనవసరం లేదు, చూడనవసరమే లేదు, ఆ హక్కును నీ కొత్త అభిప్రాయం కొట్టివేయకూడదు.

నీ కోపమంతా తప్పు కాదు, తల్లీ. తప్పు ఎక్కడ జరిగిందో కచ్చితంగా చెప్పు, అంతకు మించి చెప్పకు. కథానాయిక మిషెల్ పోలీసుల దగ్గరకు వెళ్లకపోవడం దర్శకుడు పాల్ వెర్హోవెన్‌కు స్త్రీల బాధ పట్టకపోవడమని రాశావు. ఆమె తండ్రి కథను ఒక్క వాక్యంలో దాటేశావు. ఇరుగుపొరుగువారిని సామూహికంగా చంపిన ఆ మనిషి కూతురిగా, పదేళ్ల వయసులో, ఒంటినిండా బూడిదతో పత్రికలకెక్కిన పిల్ల ఆమె. ఇన్నేళ్ల తరువాత కూడా హోటల్లో ఒక అపరిచితురాలు ఎంగిలి పళ్లెం తెచ్చి ఆమె మీద కుమ్మరిస్తుంది. పోలీసులన్నా పత్రికలన్నా ఆమెకు ఎందుకు నమ్మకం లేదో సినిమా చెబుతూనే ఉంది, నువ్వే వినలేదు. 1992లో వివాదాలు రేపిన ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ తీసిన దర్శకుడని ముందే తీర్పు రాసిపెట్టుకుని కూర్చున్నావు. ఆ రోజే నిన్ను కోప్పడవలసింది, నీ వాక్యాల పదును చూసి మురిసిపోయి ఊరుకున్నాను.

అయితే తండ్రి కథ దొరికింది కదా అని దానితోనే అన్నీ వివరించకు. దాడి చేసినవాడు పొరుగింటి పాత్రిక్ అని తెలిశాక కూడా ఆమె అతనికి దూరం కాకపోవడానికి సినిమా కారణం ఇవ్వదు. అక్కడ మానసిక శాస్త్రం మాటలు తెచ్చి ఖాళీ పూరించబోకు. ఇప్పటికీ నిన్ను ఇబ్బంది పెడుతూ ఉంటే, ఇబ్బంది పెడుతోందనే రాయి.

దాడి జరిగే మొదటి దృశ్యాన్ని సినిమా ఎంత చూపిందో అంతే వర్ణించు. నల్లని తెర, పగిలే పాత్రల చప్పుడు, అరుపులు, ఆ పైన చూస్తూ కూర్చున్న పిల్లి ముఖం. నీ పాత వ్యాసం అంతకంటే ఎక్కువే చూపించింది, అది నాకు నచ్చలేదు. ఆ తరువాత ఆమె పెంకులు ఊడ్చి, స్నానం చేసి, సుషీ తెప్పించుకుని, ముఖం మీది గాయమేమిటని కొడుకు అడిగితే సైకిలు మీంచి పడ్డానంటుంది. నువ్వు ఎక్కువసేపు నిలవవలసింది అక్కడ. ఆ చీపురు పట్టిన తీరులో, మిషెల్‌గా నటించిన ఇజబెల్ యుపేర్ చేసిన పని గురించి ఒక పేజీ రాసినా నేను విసుక్కోను. అలాగని అంత గొప్ప నటి ఒప్పుకుంది కాబట్టి చిత్రం నిర్దోషమని వాదించకు. ఈ పాత్రకు అమెరికాలో ఏ నటీ ముందుకు రాలేదని వెర్హోవెన్ చెప్పారు. కాదన్నవాళ్లను పిరికివాళ్లుగా చిత్రించే హక్కు మనకు లేదు.

నన్నడిగితే ఆ చిత్రంలో అందరికంటే భయపెట్టే మనిషి పాత్రిక్ భార్య రెబెక్కా. క్రిస్మస్ విందులో అర్ధరాత్రి ప్రార్థన కోసం టీవీ పెట్టమని కోరిన భక్తురాలు, చివర ఇల్లు ఖాళీ చేస్తూ, భర్తకు కావలసింది ఇచ్చినందుకు మిషెల్‌కు కృతజ్ఞత చెబుతుంది. అంటే ఆమెకు ఎంతో కొంత తెలుసునన్నమాట. నీ మొదటి వ్యాసంలో ఆమె పేరే లేదు. తెలిసీ ఊరుకున్న కుటుంబాలను నేను చూశాను కనుక నాకు ఆమె దగ్గరే చూపు ఆగిపోతుంది. నీకు అలా అనిపించకపోతే నా కోసం రాయవద్దు.

వ్యాసం వచ్చాక రెండు వైపుల నుంచీ మాటలు పడతాయి. మొదటి వారం ఎవరికీ జవాబు రాయకు, ఒంటరిగా కూర్చుని అవన్నీ చదవకు, మా ఇంటికి వచ్చి ఉండు. చిత్తుప్రతి పూర్తయిన వెంటనే నాకు పంపు. నీకు ఉత్తరం రాసిన ఆ స్త్రీకి కూడా, అచ్చుకు ఇచ్చే ముందే, నాలుగు మాటలు విడిగా రాయి.

ఇట్లు
మీ పెద్దమ్మ