294 పల్సార్ల నుంచి గెలాక్సీ మొత్తం సంఖ్యకు

పాలపుంత గెలాక్సీలో మొత్తం ఎన్ని గామా పల్సార్లు (గామా కిరణపుంజాలు వెదజల్లుతూ వేగంగా తిరిగే న్యూట్రాన్ తారలు, అంటే పేలిపోయిన భారీ తారల దట్టమైన శేషాలు) ఉన్నాయో తేల్చడానికి, ఫెర్మీ గామా అంతరిక్ష దూరదర్శిని మూడవ పల్సార్ పట్టికలోని 294 పల్సార్లను గెలాక్సీ ఘనపరిమాణంతో హెచ్చవేస్తే పొంతన లేని సంఖ్యలు వస్తున్నాయని మీరు రాశారు. ఆ పట్టికలో దగ్గరివీ, ప్రకాశవంతమైనవీ ఎక్కువగా చేరతాయి కాబట్టి నేరుగా హెచ్చవేయడం ఇక్కడ చెల్లదు. శతాబ్దానికి ఒకటి రెండు చొప్పున న్యూట్రాన్ తారలను కంప్యూటర్లో పుట్టించి, వాటి భ్రమణం మందగించే తీరును లెక్కగట్టి, గామా ప్రకాశం భ్రమణశక్తి నష్టరేటు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుందన్న ఉజ్జాయింపుతో, కిరణపుంజం మన వైపు తిరిగే వాటికి మాత్రమే భూమిని చేరే అభివాహాన్ని (ఇక్కడ కనిపించే ప్రకాశాన్ని) కనుక్కోండి. అందులో దూరదర్శిని గుర్తించగలిగే వాటి సంఖ్యను పట్టికతో పోల్చి మొత్తాన్ని అంచనా వేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, గుర్తింపు పరిమితిని (దూరదర్శిని పట్టుకోగల అతి తక్కువ అభివాహాన్ని) ఆకాశమంతటా ఒకేలా పెట్టకండి. పాలపుంత తలంలో విశ్వకిరణాలు వాయువును ఢీకొని పుట్టించే గామా నేపథ్యం దట్టంగా ఉన్నందున అక్కడ మసక పల్సార్లు మరుగున పడతాయి. కొన్ని మిల్లీసెకండ్లకే ఒక చుట్టు తిరిగే మిల్లీసెకండు పల్సార్లు వందల కోట్ల ఏళ్లు ప్రకాశిస్తాయి గనుక వాటిని విడిగా లెక్కించండి.