పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొనే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

బండి చూసొచ్చానని, రంగు బాగుందని, ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయిందని రాశావు. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదన్నావు, మంచి పని చేశావు. నువ్వు రాసినవన్నీ నిలబడి చూస్తే కనిపించే సంగతులు. ఈ రకం బండిని పడుకుని కింద నుంచి చూడాలి. ఇంజిన్ పోతే బాగు చేయించుకోవచ్చు, ఇంకోటి వేయించుకోవచ్చు. ఛాసిస్‌ని, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రాన్ని, తుప్పు తినేస్తే మాత్రం ఆ బండి మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే. అందుకని ముందు ఛాసిస్ చూడు, ఆ తర్వాత ఫోర్‌వీల్ పనిచేస్తోందా లేదా చూడు, ఇంజిన్ సంగతి ఆఖరికి.

పాత బట్టలు వేసుకుని, ఒక టార్చ్, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లు. జాక్ మీద మాత్రమే నిలిపిన బండి కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. చక్రాలు నేల మీదే ఉంచి, వాటికి ముందూ వెనకా అడ్డు పెట్టి దూరు. ఈ బళ్లు ఎత్తుగానే ఉంటాయి కాబట్టి చోటు సరిపోతుంది. ర్యాంప్ దొరికితే మరీ మంచిది.

పాత ఫోర్‌వీల్ బళ్లలో ఎక్కువ వాటికి నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటుంది. పొడవునా రెండు ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డంగా క్రాస్‌మెంబర్లు. చాలా వాటిలో ఆ దూలాలు లోపల డొల్లగా ఉంటాయి. బురదా నీళ్లూ రంధ్రాల్లోంచి లోపలికి పోయి అక్కడే నిలిచిపోతాయి. దాంతో తుప్పు లోపల మొదలై బయటికి వస్తుంది. బయట నల్ల రంగు నిగనిగలాడుతున్నా లోపల రేకు కాగితంలా పలచబడి ఉండొచ్చు. సుత్తితో మెల్లగా తడుతూ వెళ్లు. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కు. వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోటు, స్ప్రింగులు బిగించే బ్రాకెట్లు, బాడీని ఛాసిస్‌కి కలిపే మౌంట్లు, అన్నిటికన్నా వెనకున్న క్రాస్‌మెంబర్, ఈ నాలుగూ తప్పకుండా చూడాలి. పైపైన ఎర్రగా పొడిలా ఉన్న తుప్పుకి టెన్షన్ పడకు, గీకితే పోతుంది. పొరలు పొరలుగా ఊడివస్తే వదిలేయ్. బండంతా పాతగా ఉండి, అడుగు మాత్రమే కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా తట్టి చూడు. రేకు ముక్కలు అతికించి వెల్డింగ్ చేసిన గుర్తులుంటే ఎందుకు చేశారో అడుగు. ఛాసిస్ మీద కొట్టిన నంబర్, కాగితాల్లోని నంబర్ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ నంబర్ చుట్టూ గ్రైండింగ్ చేసినట్టు కనిపిస్తే ఇక మాట్లాడకుండా వచ్చేయ్.

కింద ఉండగానే బండి నీళ్లలో దిగిందా అన్నది కూడా కనిపెట్టొచ్చు. లోతు నీళ్లలో దిగడం ఈ బళ్లకి తప్పేమీ కాదు, కానీ ఆ తర్వాత ఆయిళ్లు మార్చారా లేదా అన్నదే అసలు ప్రశ్న. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ మధ్యలో చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా. వేడిగా ఉన్నప్పుడు అది ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, అరిగిన సీళ్లలోంచి నీళ్లని లోపలికి లాక్కుంటుంది. అలా జరగకూడదనే పైన గాలి ఆడేలా బ్రీదర్ గొట్టం పెడతారు. అది ఊడిపోయిందా, మూసుకుపోయిందా చూడు. అమ్మేవాళ్ల అనుమతి తీసుకుని ముందూ వెనకా డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టులు విప్పి వేలు పెట్టి చూడు. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయన్నమాట, లోపల బేరింగులు బతికి ఉంటాయన్న నమ్మకం లేదు. కార్పెట్ కింద, హెడ్‌లైట్ల లోపల, సీటు పట్టాల దగ్గర సన్నటి ఒండ్రు కనిపించినా అదే కథ.

ఇప్పుడు ఫోర్‌వీల్ సంగతి. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే కొంటారు. ఏళ్ల తరబడి ఎవరూ వాడకపోతే ఫోర్‌వీల్ వేసే లివర్ పట్టేసి ఉంటుంది, అమ్మేవాళ్లకి కూడా ఆ విషయం తెలియకపోవచ్చు. ముందుగా ఆ బండి పార్ట్‌టైమా, ఫుల్‌టైమా తెలుసుకో. పార్ట్‌టైమ్ అంటే మామూలుగా రెండు చక్రాలకే శక్తి అందుతుంది, కావాలన్నప్పుడు నాలుగింటికీ వేసుకోవాలి. ఫుల్‌టైమ్‌లో ఎప్పుడూ నాలుగింటికీ అందుతుంది. పార్ట్‌టైమ్ బండిని 4హెచ్‌లో, అంటే మామూలు వేగానికి వాడే ఫోర్‌వీల్‌లో, పెడితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సి వస్తుంది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లాలి కదా. పొడి తారురోడ్డు మీద ఆ తేడా పోవడానికి దారి ఉండదు, గేర్లు, షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. కాబట్టి ఈ పరీక్షకి మట్టో, కంకరో ఉన్న చోటికే తీసుకెళ్లు.

అక్కడ 4హెచ్‌లో వేసి కాస్త గట్టిగా కదిలించు, ఇంకొకరిని పక్కన దూరంగా నిలబెట్టి చక్రాలు చూడమను. వెనక చక్రాలే మట్టి చిమ్ముతూ ముందువి ఊరికే దొర్లుతుంటే ముందు యాక్సిల్‌కి శక్తి అందడం లేదు. డాష్‌బోర్డ్ మీద 4 లైటు వెలిగిందని సంబరపడకు, చాలా బళ్లలో అది లివర్ దగ్గర స్విచ్ పడిందని మాత్రమే చెబుతుంది. ముందు చక్రాలకి చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులుంటే (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపేవి), ఈ పరీక్షకి ముందే రెండూ లాక్ వైపుకి తిరుగుతున్నాయా చూడు. ఆ తర్వాత బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి 4ఎల్, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే ఫోర్‌వీల్, వెయ్యి. మొదటి గేర్లో చిన్న దిగుడు దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. బండిని ఇంజినే పట్టి ఉంచాలి, నత్తనడకన దిగాలి. లివర్ దానంతటదే జారి బయటికొస్తే, ముందూ వెనకా యాక్సిళ్లకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పాల్సిందే. ఫుల్‌టైమ్ బండైతే సెంటర్ డిఫరెన్షియల్ (ముందూ వెనకా యాక్సిళ్ల వేగంలో తేడాని సర్దేది) లాక్ ఆఫ్ చేసి, గట్టి నేల మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా చుట్టు తిరుగు. ఎగురుతున్నట్టు, పట్టేస్తున్నట్టు అనిపిస్తే మధ్యలో ఏదో బిగుసుకుపోయింది.

ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి యాక్సిల్‌కి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పు. దాని కీళ్లైన యూజే క్రాసుల దగ్గరే ఆడితే అవి అరిగినట్టు, వాటితో పెద్ద ఖర్చు లేదు. ముందు చక్రాల లోపలి వైపు గ్రీజూ ఆయిలూ కలిసి కారుతుంటే యాక్సిల్ సీల్ పోయింది. దీనికి కొంచెం పని ఎక్కువ. ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని కింద నుంచి చూడు, ఏ జాయింట్ ఖాళీగా ఆడుతోందో కళ్ల ముందే తెలుస్తుంది. ముందు రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి యాక్సిల్ ఉన్న బండి వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ వణకడం మొదలెడితే, టైర్ బ్యాలెన్సింగ్‌తో పోతుందని ఎవరు చెప్పినా నమ్మకు. స్టీరింగ్‌తో చక్రం తిరిగే కీలు దగ్గరుండే కింగ్‌పిన్ బేరింగులో, బుష్‌లో అరిగి ఉండే అవకాశమే ఎక్కువ, అది ప్రాణం మీదికి తెచ్చే లోపం. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. టైరు పక్కన అచ్చుపోసిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: 2319 అంటే 2019లో 23వ వారం.

సస్పెన్షన్ బాగా ఎత్తు పెంచిన బండి నీకు వద్దు. షాఫ్టుల వాలు మారిపోతుంది, బ్రేక్ గొట్టాలు సాగుతాయి. ఆ పని ఎవరు ఎలా చేశారో నీకు తెలియదు.

ఇంజిన్‌ని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నువ్వు వెళ్లేసరికే వేడిగా ఉంటే, ఇంకో రోజు వస్తానని చెప్పు. స్టార్టయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో, డీజిల్ బండైతే ఇంజెక్టర్ల లోపమూ కావొచ్చు. ఆయిల్ మూత తీస్తే పొగ ఉధృతంగా కొడుతుంటే కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) పడిపోయి ఉండొచ్చు. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజినైతే ఎప్పుడు మార్చారో రసీదు అడుగు, రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకో. అరగంటైనా నడిపి, ఎత్తు ఎక్కించి టెంపరేచర్ ముల్లు గమనించు.

కొన్నావంటే మొదటి వారంలోనే ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ఈ ఐదింటి ఆయిళ్లూ మార్పించు. దించిన ఆయిల్లో ఇనుప రజను నూరినట్టు మెత్తగా ఉంటే ఫర్వాలేదు, ముక్కలుంటే అక్కడే ఆగి ఆ భాగం విప్పించు. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకుని బేరమాడు.

మళ్లీ వెళ్లినప్పుడు వెనక యాక్సిల్ పైనున్న ఛాసిస్ వంపుని రెండు వైపులా దగ్గరగా ఫోటో తీసి నాకు పంపు. అవి చూశాకే అడ్వాన్స్ సంగతి మాట్లాడదాం.

ఇట్లు,
మీ పెదనాన్న