తిండి ఖర్చులో పెరిగిన ఆ 9 ఎక్కడి నుంచి వచ్చాయి?

ప్రశ్న: నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరు పిల్లలు. ఆరు నెలలుగా రసాయనాలు లేకుండా పండించినవి, రైతుకు గిట్టుబాటు ధర ఇచ్చి తెచ్చామని చెప్పేవి, పశువులను హింసపెట్టకుండా పెంచామని రాసి ఉన్నవి మాత్రమే కొంటున్నాను. మాకు నెలకు 100 వస్తాయనుకుంటే ఇంతకుముందు తిండికి 24 అయ్యేవి, ఇప్పుడు 33 అవుతున్నాయి. పొదుపు 15 నుంచి 6కు దిగింది. ‘ఇది డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకు’ అంటారు మా ఆయన. అందరూ అలాగే అనుకుంటే రైతు బాగుపడేదెప్పుడని నా బాధ. మాలాంటివాళ్లు ఎంతవరకు ఎక్కువ పెట్టొచ్చు? ఇంకొకటి: ఒక రైతుల బృందం ఏడాది డబ్బు ముందే కడితే 10 శాతం తగ్గిస్తామంటోంది. పొదుపులోంచి తీసి కట్టొచ్చా?

జవాబు: జీతమెంతో చెప్పకుండా 100లో వాటాలుగా రాశారు చూడండి, దాంతో నా పని సగం తగ్గింది. ‘ఈమధ్య తిండి ఖర్చు బాగా పెరిగిందండీ’ అనేవాళ్లే ఎక్కువ. ఎంత పెరిగిందంటే నీళ్లు నములుతారు.

మీ తిండి ఖర్చు 37.5 శాతం పెరిగింది. పొదుపు 60 శాతం పడిపోయింది. రెండిటికీ కారణం అదే 9. ఇంటి ఖర్చులు, వాయిదాలు, ఫీజులు కలిపి మిగతా 61 కదల్లేదు కాబట్టి భారమంతా పొదుపు మీదే పడింది. దీన్ని ఇంకోరకంగా చూడండి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి మొదటి నుంచీ కూడబెట్టాలనుకుందాం. పాత లెక్కలో నెల ఖర్చు 85, ఆరు నెలలకు 510. నెలకు 15 చొప్పున వేస్తే 34 నెలల్లో అయిపోతుంది. ఇప్పటి లెక్కలో ఖర్చు 94 అయింది, నిధి 564 కావాలి, మీరు వేయగలిగేది 6. అంటే 94 నెలలు. మూడేళ్లు కూడా పట్టని పనికి దాదాపు ఎనిమిదేళ్లు! వడ్డీ కలుపుకుంటే కొంత తగ్గుతుంది గానీ, తేడా మాత్రం ఇదే తీరు.

‘డబ్బున్నవాళ్ల సరదా’ అన్న మాట మీకు కష్టం కలిగించి ఉంటుంది. అందులో వెటకారం తీసేస్తే మిగిలేది లెక్కే. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి వాటా తగ్గుతుందని 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త చూపించాడు. తిండికి 10 పెట్టి, 30 పొదుపు చేసే ఇంట్లో ఇదే 37.5 శాతం పెరిగితే పోయేది 4 లోపే. వాళ్ల పొదుపు ఎనిమిదో వంతు తగ్గుతుంది, మీది సగానికి పైగా కరిగింది. కొన్నది అవే సరుకులు, చదివింది అవే లేబుళ్లు.

అమెరికాలో 26 దుకాణాల్లో ఒక ప్రయోగం చేశారు, 2015లో అచ్చయింది. విడిగా అమ్మే రెండు రకాల కాఫీకి ఫెయిర్ ట్రేడ్ (రైతుకు న్యాయమైన ధర ఇచ్చామని చెప్పే గుర్తు) లేబుల్ తగిలిస్తే అమ్మకాలు 10 శాతం దాకా పెరిగాయి. ఆ తర్వాత ధర పెంచి చూశారు. ఖరీదైన కాఫీ కొనేవాళ్లు 8 శాతం పెంచినా కదల్లేదు. చవక రకానికి 9 శాతం పెంచేసరికి అమ్మకాలు 30 శాతం పడిపోయాయి. రెండోవాళ్లకు మనసు లేదని దీనికి అర్థం కాదు, వాళ్ల చేతిలో ఉన్నది అంతే. ‘న్యాయంగా పండిస్తే ఎక్కువ ఇస్తారా’ అని సర్వేలో అడిగితే ఇస్తామనడానికి ఖర్చేమీ లేదు, బిల్లు కట్టేచోట ఉంటుంది. మీరు ఆరు నెలలు నిజంగానే కట్టారు. ఆ విషయంలో మీ నిజాయితీని నేను శంకించను, కానీ హద్దు పెట్టుకోలేదు.

హద్దు పెట్టే ముందు ఆ 9 ఎందుకు ఇస్తున్నారో విడదీయాలి. మీ ఉత్తరంలోనే మూడు కారణాలున్నాయి: మీ ఆరోగ్యం, రైతు, పశువులు. మూడూ ఒకే సంచిలో పడిపోయాయి.

ఆరోగ్యం సంగతి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో 200కు పైగా అధ్యయనాలను సమీక్షించారు. సేంద్రియ ఆహారంలో పోషకాలు గణనీయంగా ఎక్కువని చెప్పడానికి గట్టి ఆధారం వాళ్లకు దొరకలేదు, పురుగుమందుల అవశేషాలు మాత్రం తక్కువే ఉన్నాయి. 2014లో వచ్చిన మరో పెద్ద సమీక్ష సేంద్రియ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు (ఒంటికి మేలు చేస్తాయనే పదార్థాలు) ఎక్కువ, కాడ్మియం అనే విష లోహం తక్కువ అంది. కాబట్టి పిల్లలు తొక్కతో తినేవాటికి, ఇంట్లో రోజూ వాడేవాటికి ఎక్కువ పెట్టడంలో అర్థముంది. మందపాటి తొక్క ఒలిచి పారేసేవాటికి, పండక్కో పబ్బానికో వాడేవాటికి అదే పట్టుదల ఎందుకు?

‘సహజం’ అన్న మాట దగ్గర మాత్రం ఆగి చదవండి. యూరప్ ఆకుపచ్చ ఆకు గుర్తు వేయాలంటే వ్యవసాయ పదార్థాల్లో 95 శాతమైనా సేంద్రియం కావాలి, తనిఖీ ఉంటుంది. ‘న్యాచురల్’ అన్న మాటకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ నియమంగా నిర్వచనమే చేయలేదు. కృత్రిమమైనదేదీ కలపకూడదన్న పాత విధానం ఉందిగానీ, పొలంలో పురుగుమందు కొట్టారా లేదా అన్నది దాని పరిధిలోకి రాదు. తనిఖీ ఉన్న గుర్తుకు ఎక్కువ ఇవ్వండి, పచ్చరంగు అట్టకు వద్దు. ఆరు నెలల బిల్లులు ముందేసుకుని చూస్తే మీ 9లో కొంత రంగుకే పోయిందని తేలుతుందని నా అనుమానం.

రైతు విషయంలో మీ బాధ న్యాయమైనదే. రసాయనాలు మానేసిన పొలానికి సేంద్రియ ధ్రువీకరణ రావాలంటే సాధారణంగా రెండు మూడేళ్లు ఆగాలి. ఆ కాలంలో దిగుబడి తగ్గొచ్చు, ధర మాత్రం మామూలుదే వస్తుంది. చాలామంది వెనకడుగు వేసేది అక్కడే. అందుకని ‘మార్పు దశలో ఉన్న పొలం’ పంట దొరికితే వదలకండి. మామూలు కంటే కాస్త ఎక్కువిచ్చినా పూర్తి సేంద్రియ ధర కాదు, పైగా రైతుకు అవసరమైన వేళకు అందుతుంది. మధ్యవర్తుల లెక్క కూడా తెలుసుకోండి. రైతుకు 10 ఎక్కువ ఇచ్చారనుకుందాం. టోకు వ్యాపారి తన 25 శాతం, దుకాణదారు తన 30 శాతం ఆ 10 మీద కూడా వేసుకుంటారు. మీ దగ్గరికి వచ్చేసరికి అది 16.25. ఎవరూ మోసం చేయలేదు, లాభం శాతాల్లో వేసే పద్ధతే అంత. చేతులు తగ్గితే అదే సొమ్ములో రైతుకు ఎక్కువ చేరుతుంది.

పశువుల విషయం వీటన్నిటికంటే తేలిక. ధర మూడో వంతు ఎక్కువున్న మంచి రకం కొని, పరిమాణం నాలుగో వంతు తగ్గిస్తే బిల్లు ఉన్నచోటే ఉంటుంది. పాలు, గుడ్లు, మాంసం మూడిటికీ ఇది పనిచేస్తుంది.

ఇక హద్దు. ‘తిండి ఖర్చు’ అన్న పద్దు కింద ‘అదనం’ అని ఇంకో పద్దు రాయండి. మామూలు రకానికి, మీరు కొన్న రకానికి ఉన్న తేడా మాత్రమే అందులోకి వెళ్లాలి. దానికి నెలకు 4 ఇస్తున్నాను. అది అయిపోయిందా, ఆ నెలకు మిగతావి మామూలు రకమే. రైతు కోసం, పశువుల కోసం ఇచ్చేది ఒకరకంగా దానమే. మీ ఇంట్లో దానధర్మాలకు వేరే పద్దు ఉంటే కొంత అక్కడి నుంచి తెచ్చుకున్నా నేనేమీ అనను.

ఇంకో 2 మీ వంటింట్లోనే ఉండొచ్చు. 2022లో ప్రపంచంలో వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో 19 శాతం వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్లలోనేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. మీ ఇంటి సంగతి నాకు తెలియదు. మా ఇంటి సంగతి తెలుసు. ఎక్కువ ధరపెట్టి తెచ్చిన ఆకుకూర ఫ్రిజ్ అడుగున కుళ్లిపోతే, పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు ఉంటుంది. రెండు వారాలు పారేసినవన్నీ రాసిపెట్టండి, ఏది తక్కువ కొనాలో అదే చెబుతుంది. అలా 2 మిగిలితే తిండికి 24, అదనం 4, మిగులు 2 పోగా 26. పొదుపు 13కు వస్తుంది. పాత 15కు ఇంకా 2 తక్కువే. ఆ 2 మీ మనసుకు మీరు కట్టే ధర అనుకుందాం. అంతవరకు నాకు అభ్యంతరం లేదు, మీ వారికీ ఉండకపోవచ్చు. అత్యవసర నిధి నిండాక కావాలంటే 4ను 6 చేసుకోండి.

ఏడాది ముందు కట్టే విషయానికొస్తే, పైకి బేరం బాగానే ఉంది. నెలనెలా కట్టే 100కు బదులు ఇవాళే 90 కట్టడమంటే మీ డబ్బుకు ఏడాదికి 20 శాతం పైచిలుకు వడ్డీ వచ్చినట్టు. అంత వడ్డీ ఇస్తామని ఇంకెవరైనా అంటే మీరే అనుమానిస్తారు కదా. ఇక్కడ అది పంట పోయే ప్రమాదాన్ని మీరు పంచుకుంటున్నందుకు ఇచ్చేది. రైతుకు పెట్టుబడి ముందే అందుతుంది కాబట్టి పద్ధతి మంచిదే. కానీ పొదుపు 6కు దిగిన ఇల్లు అత్యవసర నిధిలోంచి తీసి కట్టే బేరం కాదిది. మూడు నెలలకు కడతామనండి, తగ్గింపు 3 శాతమే ఇచ్చినా ఒప్పుకోండి. కట్టేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: పంట దెబ్బతింటే బదులు ఏమిస్తారు, మధ్యలో మానేస్తే మిగతా డబ్బు తిరిగి వస్తుందా. ఈ రెండో దానికి ‘చూద్దాంలెండి’ అని జవాబొస్తే ఏ నెలకానెల కొనుక్కోండి, ఆ 10 శాతం వదిలేసుకోండి.