ఆ పుస్తకంలో తమ్ముడేడీ?

"అమ్మ తమ్ముడి దగ్గర ఉంటోంది. మరదలు సరిగ్గా చూడదు. ఈ మాటంటే అక్క, మావారు, తమ్ముడు, ఆఖరికి అమ్మ కూడా 'నీకు ఆ పిల్లంటే మొదట్నుంచీ పడదు' అంటున్నారు. ఆర్నెల్లుగా జరిగినవన్నీ తేదీలతో ఒక పుస్తకంలో రాసిపెట్టాను. మొత్తం 23. మూడు పేజీలు జత చేస్తున్నాను. నలుగురూ ఒకటే మాటంటుంటే నా మీద నాకే డౌటొస్తోంది. నాది పక్షపాతమేనా? ఎలా తెలుసుకోవాలి?" – ఒక సోదరి

పక్షపాతం ఉంది. నాకూ ఉంది. ఆ ప్రశ్నతో ఇంక టైమ్ వృథా చేసుకోకండి. మనసులోకి తొంగిచూసుకుంటే అది దొరకదు కూడా. మనస్తత్వవేత్త ఎమిలీ ప్రోనిన్, మరో ఇద్దరు కలిసి 2002లో ప్రచురించిన పరిశోధనలో జనం మిగతావాళ్లకంటే తమకే పక్షపాతం తక్కువని చెప్పుకున్నారు. మనుషులు ఇలా పొరబడతారని విడమరిచి చెప్పాక కూడా చాలామంది ఆ మాటమీదే నిలబడ్డారు. మన మనసు మన పక్షం కాక ఇంకెవరి పక్షం మాట్లాడుతుంది?

అలాగని నలుగురూ అన్నారు కాబట్టి తప్పు మీదేనని నేననను. 1950లలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాల్లో, ఏ గీత ఎంత పొడవో ఎదురుగా కనబడుతున్నా, చుట్టూ ఉన్నవాళ్లంతా కావాలని తప్పు చెబితే దాదాపు మూడో వంతు సార్లు జనం ఆ తప్పునే చెప్పారు. అయినా మీ నలుగురిని ఒకసారి లెక్కపెట్టండి. అక్కయ్య ఏడాదికోసారి వస్తారు. మీవారికి ఆ ఇంటి సంగతులు తెలిసేది మీ తమ్ముడి నోటే. అంటే ముగ్గురి నోటా వినిపించేది ఒక్కడి మాటే. అమ్మగారి మాట వేరు, రోజూ చూసేది ఆవిడే. దాన్ని మాత్రం కొట్టిపారేయకండి.

ఇక మీ పుస్తకం. మార్చి 9న ఇలా రాశారు: "మరదలు ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చింది. బీపీ మాత్ర ఇవ్వడం మర్చిపోయింది. పది దాటాక అమ్మే అడిగి తీసుకుంది. తమ్ముడు అలిసిపోయి సోఫాలో పడుకున్నాడు."

ఒకటే రాత్రి, ఒకటే మాత్ర. ఆమెది మరుపు, అతనిది అలుపు! మాత్రల డబ్బా అతనికి మాత్రం అందదా? మూడు పేజీలూ రెండుసార్లు చదివాను. మరదలి మీద ఎనిమిది నేరాలున్నాయి. తమ్ముడు కనిపించిన ప్రతిచోటా పాపం అలిసిపోయో, పనిలోనో ఉన్నాడు. ఆ ఎనిమిదింటిలోనూ మరదలి పేరు తీసేసి అతని పేరు పెట్టి, పైకి చదవండి. ఎక్కడ గొంతు మెత్తబడుతుందో మీకే తెలుస్తుంది.

మీరు పెంచిన పిల్లాడు కదా, కోపం రానివ్వరు. కానీ అమ్మను చూసుకోవాల్సింది ముందు కన్నబిడ్డలు, ఆ తర్వాతే కోడలు. నేనీ విషయంలో పాతకాలం మనిషినో కొత్తకాలం మనిషినో తెలీదుగానీ నా నమ్మకం ఇదే. కన్నబిడ్డల్లో మీరూ ఉన్నారు. ఆ ఆర్నెల్లలో అమ్మ మీ ఇంట్లో ఎన్ని రోజులున్నారో మీ పుస్తకంలో లేదు.

మీ పరీక్ష మరదలితో కాదు, తమ్ముడితో. ఆదివారం ఫోన్ చేసి, "అమ్మను బీపీ చెకప్‌కి నువ్వెప్పుడు తీసుకెళ్తున్నావురా?" అని అడగండి. ఫోన్ భార్య చేతికి ఇవ్వబోతే, "వద్దు, నువ్వే చెప్పు" అనండి.