క్వేక్ 3 సర్వర్ లిస్టులో కనబడకపోవడం, రాత్రిళ్లు లాగ్

మీ క్వేక్ 3 (ఆన్‌లైన్ షూటింగ్ ఆట) సర్వర్‌కి ఐపీ అడ్రస్ కొట్టి వస్తే ఆట నడుస్తోంది, ఇంటర్నెట్ సర్వర్ల లిస్టులో మాత్రం పేరు లేదు, రాత్రయితే అందరికీ పింగ్ (జవాబు వచ్చే ఆలస్యం) పెరిగిపోతోంది అన్నారు కదండీ. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు.

సర్వర్ ఇంటర్నెట్ లిస్టులో కనబడాలని చెప్పే "డెడికేటెడ్ 2" సెట్టింగ్‌ని మీరు సర్వర్ కాన్ఫిగ్ ఫైల్లో రాశారు. అక్కడ అది పనిచేయదు. స్టార్ట్ చేసే కమాండ్ లైన్‌లోనే "+సెట్ డెడికేటెడ్ 2" ఇవ్వాలి. లేకపోతే 1 దగ్గరే ఉండిపోవచ్చు, అంటే లాన్ (లోకల్ నెట్‌వర్క్) మాత్రమే, లిస్టు నడిపే మాస్టర్ సర్వర్‌కి హార్ట్‌బీట్ ("నేనున్నాను" అనే సందేశం) వెళ్లదు. మాస్టర్ తిరిగి అడిగే ప్రశ్న లోపలికి రావాలి కాబట్టి ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టు 27960 తెరిచే ఉంచండి.

రాత్రి లాగ్‌కి కారణం దాదాపు ఖాయంగా గెట్‌స్టేటస్ (సర్వర్ వివరాలు అడిగే ప్రశ్న) వరద. ఎవరో బాధితుడి ఐపీని దొంగ చిరునామాగా పెట్టి చిన్న ప్యాకెట్ పంపుతారు. మీ సర్వర్ దానికి ఎన్నో రెట్లు పెద్ద జవాబు ఆ అమాయకుడి మీద కుమ్మరిస్తుంది. ట్రాఫిక్ గ్రాఫ్‌లో వచ్చేదానికంటే పోయేది విపరీతంగా ఉంటే ఇదే. ఆట పాత 1.32 వెర్షన్ సర్వర్ ప్రోగ్రామ్‌లో దీనికి అదుపు లేదు. దయచేసి ఐఓక్వేక్3కి (అదే ఆట ఇంజిన్‌కి ఇతరులు మెరుగుపరిచిన వెర్షన్) మారండి, అందులో ఒక్కో ఐపీకి ఇచ్చే జవాబులకి రేట్ లిమిట్ ఉంది. పోర్టు మార్చినా వాళ్లు మళ్లీ వెతికి పట్టుకుంటారు.

ఇంకోటి, ఆపకుండా మూడు వారాలు దాటితే టైమర్ నిండి సర్వర్ అందరినీ బయటికి తోసేస్తుంది. వారానికోసారి, ఆటగాళ్లు లేనప్పుడు, క్రాన్‌తో (నిర్ణీత సమయానికి పనులు నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ పెట్టండి.